మెకానికల్ వాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి? ముందు పని ఎంచుకోండి

బీటెక్ మూడో ఏడు దాటిన మెకానికల్ పిల్లలు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే ఉంటుంది: "అన్నా, క్యాటియా నేర్చుకోనా, సాలిడ్‌వర్క్స్ నేర్చుకోనా? దాంతోపాటు ఆన్సిస్ కూడా చేస్తే జాబ్ వస్తుందా?" క్యాటియా, సాలిడ్‌వర్క్స్ అంటే కంప్యూటర్ మీద పార్టులు డిజైన్ చేసే క్యాడ్ సాఫ్ట్‌వేర్లు, ఆన్సిస్ అంటే ఆ పార్టు లోడ్ తట్టుకుంటుందో లేదో లెక్కేసేది. జవాబు చెప్పాలంటే నేను తిరిగి ఒక మాట అడగాలి, ఏ పని చేద్దామనుకుంటున్నావని. చాలామంది అక్కడే ఆగిపోతారు. కారు డ్యాష్‌బోర్డు డిజైన్ చేసేవాళ్లకీ, రిఫైనరీలో పైపులైన్ ఎటు పోవాలో గీసేవాళ్లకీ, బాలానగర్‌లో సీఎన్‌సీ (కంప్యూటర్ చెప్పినట్టు లోహాన్ని కోసే) మెషిన్‌కి ప్రోగ్రామ్ రాసేవాళ్లకీ చదివిన డిగ్రీ ఒకటే కానీ రోజంతా తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్లకు ఒకదానితో ఒకటి పొంతనే ఉండదు. కాబట్టి ముందు పని తేల్చుకోండి, సాఫ్ట్‌వేర్ దాని వెనకే వస్తుంది. ఈ వరస తలకిందులైతే నెలల తరబడి కోర్సులు చేసి, రెజ్యూమెలో ఆరు సాఫ్ట్‌వేర్ల పేర్లు రాసుకుని, ఒక్కదాని మీద కూడా రెండో ప్రశ్నకు జవాబు చెప్పలేని పరిస్థితి వస్తుంది.

ఉద్యోగ ప్రకటనలు చదవడం

పని తేల్చుకోవడానికి ఎవరి సలహా కన్నా ఉద్యోగ ప్రకటనలే నయం. నౌకరీలోనో లింక్డిన్‌లోనో కూర్చుని, 0 నుంచి 3 ఏళ్ల అనుభవం అడిగేవి, మీరు వెళ్లగలిగిన ఊళ్లలోవి, హైదరాబాద్ కావచ్చు బెంగళూరు, పుణె, చెన్నై కావచ్చు, ఓ ముప్పై తీయండి. ఒక ఎక్సెల్ షీట్ తెరిచి ఏ పరిశ్రమ, పని పేరేంటి, ఏ సాఫ్ట్‌వేర్ అడిగారు, సాఫ్ట్‌వేర్ కాకుండా ఇంకేం అడిగారు అని నాలుగు కాలమ్స్ పెట్టుకోండి. అందరూ మూడో కాలమ్ చూసి వదిలేస్తారు, అసలు విషయం మాత్రం నాలుగో దాంట్లో ఉంటుంది. ఉదాహరణకు ఒక ప్రకటనలో "క్యాటియా వీ5, బాడీ ఇన్ వైట్, షీట్ మెటల్, జీడీ అండ్ టీ, వెల్డ్ ఫిక్స్‌చర్" అని ఉందనుకోండి. అందులో సాఫ్ట్‌వేర్ ఒక్కటే, మిగతా నాలుగూ, అంటే కారు బాడీ చట్రం, రేకు పని, డ్రాయింగ్ మీద ఆకారానికి హద్దులు రాసే పద్ధతి, వెల్డింగ్‌కి ముక్కల్ని పట్టి ఉంచే అమరిక, చదువు. క్యాటియా ఒక్కటే నేర్చుకుని వెళ్తే అడిగిన ఐదింటిలో ఒక్కటి మాత్రమే మీ దగ్గర ఉన్నట్టు.

ప్రకటనలో వెర్షన్ పేరు కూడా చదవండి. క్యాటియా వీ5 వేరు, క్యాటియా చేసే కంపెనీదే అయిన 3డీఎక్స్‌పీరియన్స్ వేరు. ఇది చిన్న విషయం అనుకోవద్దు. 2006లో ఎయిర్‌బస్ ఏ380 విమానాల డెలివరీ ఆలస్యం అవడానికి ఒక పెద్ద కారణం, హాంబర్గ్‌లో వాళ్లు క్యాటియా పాత వెర్షన్ వీ4లో, టూలూజ్‌లో వాళ్లు వీ5లో పనిచేయడం. ఒకచోట డిజైన్ చేసిన వైరింగ్ ఇంకోచోట విమానంలో అమర్చబోతే సరిపోలేదు, చేతులతో మళ్లీ సరిచేసుకోవాల్సి వచ్చింది. బ్రాండ్ ఒకటే అయినా వెర్షన్ తేడా ఎంత పని చేస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఏ పనికి ఏది

ఆటోమొబైల్ బాడీ, విమానాలు అంటే క్యాటియా. బోయింగ్ 777ని కంప్యూటర్ మీద క్యాటియాతో డిజైన్ చేసిన రోజుల నుంచీ ఆ రంగంలో దాని పట్టు అలాగే ఉంది, హైదరాబాద్‌లో ఏరోస్పేస్ ఇంజినీరింగ్ సర్వీసెస్ కంపెనీల చుట్టూ తిరిగేవాళ్లకి ఇది తెలిసిందే. అయితే ఆటోమొబైల్‌లో పరిస్థితి మారుతూ ఉంటుంది. బెంజ్ కార్లు చేసే డైమ్లర్ 2010లోనే క్యాటియా వదిలి సీమెన్స్ ఎన్‌ఎక్స్‌కి మారుతున్నామని చెప్పింది, 2022లో హ్యుందాయ్, కియా కూడా ఎన్‌ఎక్స్‌నీ, సీమెన్స్‌దే అయిన, డ్రాయింగుల వెర్షన్లు చూసే టీమ్‌సెంటర్‌నీ ఎంచుకున్నట్టు ప్రకటన వచ్చింది. పెనుకొండ దగ్గర కియా ప్లాంటు, హైదరాబాద్‌లో హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్ ఉన్న మనకి ఇది దూరం విషయం కాదు. ఇంత పెద్ద కంపెనీలు సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు పాత ఇంజినీర్లందరినీ ఇంటికి పంపరు, ట్రైనింగ్ ఇచ్చి కొత్తదానికి మారుస్తారు. షీట్ మెటల్ తెలిసిన మనిషి కొత్త సాఫ్ట్‌వేర్ బటన్లు కొన్ని వారాల్లో పట్టేస్తాడు. బటన్లు మాత్రమే తెలిసినవాడు షీట్ మెటల్ పట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది.

మెషిన్ డిజైన్, స్పెషల్ పర్పస్ మెషిన్లు, జిగ్‌లు, ఫిక్స్‌చర్లు, ఫార్మా ప్యాకింగ్ మెషినరీ, చిన్న, మధ్య తరహా తయారీ కంపెనీలు, వీటన్నిటిలో సాలిడ్‌వర్క్స్ ఎక్కువ కనిపిస్తుంది, అక్కడక్కడా ఇన్వెంటర్, సాలిడ్ ఎడ్జ్. పంపులు, కంప్రెసర్లు, భారీ యంత్రాలు చేసే కొన్ని పాత కంపెనీల్లో క్రియో ఉంటుంది. అదే ఒకప్పటి ప్రో-ఈ. ఈ నాలుగింటిలో ఏది నేర్చుకున్నా మిగతా మూడు అందుతాయి, ఎందుకంటే స్కెచ్ గీసి, కొలతలిచ్చి, ఫీచర్ లేపడం అనే పద్ధతి అన్నిట్లోనూ ఒకటే. సాలిడ్‌వర్క్స్, సాలిడ్ ఎడ్జ్, ఎన్‌ఎక్స్ మూడింటికీ లోపల జామెట్రీ లెక్కలు చేసేది పారాసాలిడ్ అనే ఒకే ఇంజిన్. అందుకని "ఏ క్యాడ్?" అన్న ప్రశ్న మీద నెలలు గడపకండి, మీ షీట్‌లో ఎక్కువసార్లు వచ్చినది తీసుకుని మొదలుపెట్టండి.

ఆటోక్యాడ్ గురించి ఒక్క మాట: ఫ్యాబ్రికేషన్ షాపులు, లేజర్ కటింగ్ వాళ్లు, ప్లాంట్ లేఅవుట్లు గీసేవాళ్లు ఇప్పటికీ దానిమీదే ఉన్నారు కాబట్టి రావాలి. దానికి రెండు వారాలు చాలు, మూడు నెలల కోర్సు అక్కర్లేదు.

సీఎన్‌సీ, మౌల్డులు, డైలు ఇష్టమైనవాళ్లు మాస్టర్‌క్యామ్, ఎన్‌ఎక్స్ క్యామ్, పవర్‌మిల్ లాంటి క్యామ్ సాఫ్ట్‌వేర్ల (టూల్ ఎటు కదలాలో మెషిన్‌కి రాసిచ్చేవి) వైపు చూడాలి, కానీ మెషిన్ ముందు నిలబడకుండా ఇవి రావు. స్క్రీన్ మీద టూల్‌పాత్ అందంగా ఉంటుంది, ఎంత స్పీడ్, ఎంత ఫీడ్ ఇస్తే టూల్ విరగదో మెషినే చెబుతుంది. హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) 1968 నుంచీ ఉన్న ప్రభుత్వ సంస్థ, టూల్ డిజైన్ నేర్పడానికే పెట్టారు. అక్కడ క్యాడ్, క్యామ్‌తోపాటు టూల్ రూమ్ కూడా ఉంటుంది. ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు ముందు అక్కడి కోర్సులు చూసి, తర్వాతే వేరేచోటికి వెళ్లండి.

గల్ఫ్ వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు దారి పూర్తిగా వేరు. అక్కడ మెకానికల్ అంటే ఎక్కువగా భవనాల ఏసీ, నీళ్ల పైపులు, ఫైర్ ఫైటింగ్, లేదంటే ఆయిల్ అండ్ గ్యాస్. మొదటిదానికి భవనాల పైపులు, డక్టులు గీసే రెవిట్ ఎంఈపీ, ఆటోక్యాడ్, హీట్ లోడ్ లెక్కలకి క్యారియర్ వాళ్ల హ్యాప్. ఒక గదికి ఎన్ని టన్నుల ఏసీ కావాలో గోడలు, అద్దాలు, మనుషులు, లైట్లు, బయటి గాలి లెక్కేసి చేత్తో తీయడం వచ్చాకే హ్యాప్ తెరవండి. రెండోదానికి ఈ3డీ, స్మార్ట్ 3డీ లాంటి ప్లాంట్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు, పైపు స్ట్రెస్ చూడ్డానికి సీజర్ టూ. పైపింగ్‌లో ఏఎస్‌ఎంఈ బీ31.3 కోడ్ పుస్తకం చదివినవాళ్లకు ఉన్న విలువ సాఫ్ట్‌వేర్ ఒక్కటే వచ్చినవాళ్లకు ఉండదు. వేడికి పైపు సాగుతుందని, దాన్ని వంపు పెట్టి ఎలా సర్దాలో తెలియకపోతే సీజర్ ఎర్రగా చూపించినప్పుడు ఏం చేయాలో తోచదు.

పీఎల్‌ఎం అని ఇంకోటి ఉంది, టీమ్‌సెంటర్, విండ్‌చిల్ లాంటివి. డ్రాయింగుల వెర్షన్లు, మార్పులు, అనుమతులు నడిపే వ్యవస్థలు ఇవి. ఉద్యోగాలు ఉన్నాయి, జీతాలూ బాగుంటాయి, కాకపోతే అది సగం ఐటీ పని. డిజైన్ చేయాలనే కోరికతో ఉన్నవాళ్లు అది తెలుసుకునే అందులోకి వెళ్లాలి.

మొదటి క్యాడ్‌ని ఎంత లోతుగా నేర్చుకోవాలి

క్యాడ్ వచ్చింది అనడానికి నా దగ్గర ఒకే పరీక్ష ఉంది. ఒక బ్రాకెట్ మోడల్ చేయండి, ఎల్ ఆకారంలో, నాలుగు బోల్టు రంధ్రాలు, మధ్యలో ఒక రిబ్, అంచులకు ఫిల్లెట్లు. అంతా అయ్యాక మొదటి స్కెచ్‌లోకి వెళ్లి పొడవు 80 నుంచి 120 చేయండి. రంధ్రాలు అంచు నుంచి అదే దూరంలో ఉన్నాయా, రిబ్ మధ్యలోనే ఉందా, ఫిల్లెట్లు ఎర్రబడి ఎర్రర్ ఇచ్చాయా? మోడల్ చెదిరిపోతే మీరు బొమ్మ గీశారంతే. చెదరకుండా నిలబడితే డిజైన్ చేశారు. కంపెనీలో వచ్చే పనిలో కొత్తగా మోడల్ చేయడం కన్నా ఉన్నదాన్ని మార్చడమే ఎక్కువ కాబట్టి, స్కెచ్‌లో ఏ గీతని దేనికి కట్టాలి, ఏ కొలత ఏ ముఖం నుంచి ఇవ్వాలి అనేది ఆలోచించి చేసే అలవాటు మొదటి రోజు నుంచే రావాలి.

మోడల్ తర్వాత డ్రాయింగ్. కోర్సుల్లో దీన్ని చివరి రెండు క్లాసుల్లో తేల్చేస్తారు, ఇంటర్వ్యూల్లో మాత్రం సగం ప్రశ్నలు దీనిమీదే వస్తాయి. ఒక షాఫ్ట్ మీద 6204 బేరింగ్ ఉందనుకోండి, లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు, బయటిది 47, వెడల్పు 14. షాఫ్ట్ తిరుగుతుంది, హౌసింగ్ తిరగదు. షాఫ్ట్ డ్రాయింగ్ మీద 20 అని రాసి వదిలేస్తే మెషినిస్ట్ 19.95 చేసినా తప్పు పట్టలేరు, అప్పుడు బేరింగ్ లోపలి రింగు షాఫ్ట్ మీద జారుతూ తిరిగి షాఫ్ట్‌ని అరగదీస్తుంది. అక్కడ కె6 అని టాలరెన్స్ (కొలత ఎంత అటూఇటూ ఉండొచ్చో చెప్పే హద్దు) ఇస్తే షాఫ్ట్ 20.002కీ 20.015కీ మధ్య వస్తుంది, బేరింగ్ బిగుతుగా కూర్చుంటుంది. హౌసింగ్‌కి హెచ్7 ఇస్తే 47.000 నుంచి 47.025, చేత్తో నెడితే దిగుతుంది. ఈ రెండు అక్షరాలు, రెండు అంకెలు ఎందుకు పెట్టారో చెప్పగలిగిన ఫ్రెషర్‌ని నేను ఏ సాఫ్ట్‌వేర్ వచ్చో అడగకుండానే తర్వాతి రౌండ్‌కి పంపమంటాను. ఆపైన జీడీ అండ్ టీ, అంటే డేటమ్‌లు, పొజిషన్, ఫ్లాట్‌నెస్, రనౌట్. దీనికి డబ్బు ఖర్చు లేదు, ఏఎస్‌ఎంఈ వై14.5 ప్రకారం రాసిన ఏ మంచి పుస్తకమైనా చాలు.

ఎంచుకున్న పనిని బట్టి ఇంకొంచెం. ప్లాస్టిక్ అయితే డ్రాఫ్ట్ యాంగిల్, గోడ మందం అంతటా సమానంగా ఉండటం, రిబ్ మందం గోడ మందంలో 50 నుంచి 60 శాతం దాటకపోవడం. దాటితే బయటివైపు గుంట పడుతుంది. షీట్ మెటల్ అయితే బెండ్ రేడియస్, కె-ఫ్యాక్టర్, రిలీఫ్ కట్, ఫ్లాట్ ప్యాటర్న్. ఈ మాటలన్నీ సాఫ్ట్‌వేర్ మెనూల్లోనే కనిపిస్తాయి, ఎందుకున్నాయో మాత్రం అక్కడ రాసి ఉండదు.

అనాలిసిస్ వైపు వెళ్లేవాళ్లకి

సీఏఈ, అంటే పార్టు ఎలా తట్టుకుంటుందో కంప్యూటర్ మీద లెక్కేయడం, అనగానే ఆన్సిస్ అంటారు. అది మంచి మొదలే, కానీ ఉద్యోగాల్లో పని రెండు ముక్కలుగా ఉంటుందని తెలుసుకోండి. మెష్ చేసేవాళ్లు, అంటే పార్టుని ఎలిమెంట్లు అనే చిన్న ముక్కలుగా విడగొట్టేవాళ్లు, ఒకరు, లెక్క నడిపి ఫలితం చదివేవాళ్లు ఇంకొకరు. ఆటోమొబైల్ ప్రాజెక్టుల్లో మెష్ అంటే హైపర్‌మెష్, ఫ్రెషర్లకు తలుపు తెరిచేది ఎక్కువగా ఇదే. షీట్ మెటల్ భాగానికి మిడ్‌సర్ఫేస్ తీసి, షెల్ ఎలిమెంట్లు వేసి, జాకోబియన్, వార్పేజ్, ట్రయాల (త్రికోణ ఎలిమెంట్ల) శాతం లాంటి మెష్ నాణ్యత కొలతలు కంపెనీ ఇచ్చిన హద్దుల్లో ఉండేలా రోజంతా సరిచేస్తూ కూర్చునే పని అది. విసుగ్గా ఉంటుంది. ఏడాది, రెండేళ్లయ్యాక అక్కడే ఆగిపోకుండా లోడ్ కేసులు, ఫలితాలు చూసే వైపు జరగాలి. క్రాష్ అయితే ఎల్‌ఎస్-డైనా, నాన్‌లీనియర్, రబ్బరు, కాంటాక్టులు అయితే అబాకస్, విమానాల స్ట్రక్చర్స్ అయితే నాస్ట్రాన్. ఈ సాఫ్ట్‌వేర్ల యజమానులు కూడా మారిపోతున్నారు. హైపర్‌మెష్ చేసే ఆల్టెయిర్‌ని 2025 మార్చిలో సీమెన్స్ కొనేసింది, అదే ఏడాది జులైలో ఆన్సిస్ సినాప్సిస్ చేతికి వెళ్లింది. పేర్లు, లైసెన్సులు ఎటు మారతాయో మన చేతిలో లేదు, ఫైనైట్ ఎలిమెంట్ సిద్ధాంతం మాత్రం మారదు.

ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా మొదటి వారంలో చేయాల్సిన లెక్క ఒకటి చెబుతాను. ఒక స్టీలు పట్టీ, పొడవు 200 మిల్లీమీటర్లు, వెడల్పు 20, మందం 10. ఒక చివర గోడకి బిగించి, రెండో చివర 100 న్యూటన్లు కిందికి వేయండి. ముందు కాగితం మీద చేయండి. ఐ (మొమెంట్ ఆఫ్ ఇనర్షియా) అంటే వెడల్పు ఇంటూ మందం క్యూబ్ బై 12, అది సుమారు 1667. పీఎల్ క్యూబ్ బై 3 ఈఐ, అందులో ఈ, అంటే యంగ్స్ మాడ్యులస్, 2 లక్షల మెగాపాస్కల్స్ తీసుకుంటే వంపు సరిగ్గా 0.8 మిల్లీమీటర్లు. గోడ దగ్గర బెండింగ్ స్ట్రెస్ 60 మెగాపాస్కల్స్. ఇప్పుడు అదే సాఫ్ట్‌వేర్‌లో చేయండి. మందంలో ఒక్కటే లీనియర్ టెట్రా (నాలుగు ముఖాల) ఎలిమెంట్ వేస్తే వంపు 0.8 కన్నా బాగా తక్కువ వస్తుంది, ఎందుకంటే ఆ ఎలిమెంట్ ఉన్నదానికన్నా గట్టిగా ప్రవర్తిస్తుంది. సెకండ్ ఆర్డర్‌కి మార్చండి, 0.8 దగ్గరికి వచ్చేస్తుంది. తర్వాత బిగించిన మూల దగ్గర మెష్ చిన్నది చేస్తూ పోండి, వంపు అక్కడే ఉంటుంది, మూలలో స్ట్రెస్ మాత్రం 60 దాటి పెరుగుతూనే పోతుంది, ఎంత చిన్న మెష్ చేస్తే అంత పెరుగుతుంది. అది నిజం స్ట్రెస్ కాదు, మనం పెట్టిన బౌండరీ కండిషన్ వల్ల వచ్చినది. ఇది ఒకసారి కళ్లతో చూసినవాళ్లు ఎర్ర రంగు కనిపించగానే పార్ట్ విరిగిపోతుందని రిపోర్టు రాయరు.

యూనిట్లు కూడా ఇప్పుడే అలవాటు చేసుకోండి. అబాకస్‌లో, హైపర్‌మెష్‌లో యూనిట్లు ఉండవు, మీరు ఇచ్చిన అంకెని అలాగే తీసుకుంటాయి. మిల్లీమీటర్లు, న్యూటన్లు, మెగాపాస్కల్స్‌లో పనిచేస్తూ స్టీలు సాంద్రత 7850 అని కొడితే మీ పార్ట్ బరువు లక్ష కోట్ల రెట్లు పెరిగినట్టే, ఇవ్వాల్సింది 7.85ఈ-9, ఘన మిల్లీమీటరుకి టన్నుల్లో. ఫ్రీక్వెన్సీ అనాలిసిస్‌లో అర్థంపర్థం లేని అంకెలు వచ్చాయంటే నేను మొదట చూసేది ఇదే.

సీఎఫ్‌డీ, అంటే గాలి, నీళ్ల ప్రవాహాన్ని కంప్యూటర్ మీద లెక్కేయడం, ఇష్టమైతే ఫ్లూయెంట్, స్టార్-సీసీఎం ప్లస్, ఉచితంగా అయితే ఓపెన్‌ఫోమ్. ఉద్యోగాలు స్ట్రక్చరల్ కన్నా తక్కువ, అడిగే సిద్ధాంతం ఎక్కువ, ఎంటెక్ ఉన్నవాళ్లతో పోటీ. వై ప్లస్ అంటే ఏంటి, ఎస్‌ఎస్‌టీ అనే టర్బులెన్స్ మోడల్‌తో గోడ దాకా లెక్కించాలంటే అది 1 దగ్గర ఎందుకుండాలి, వాల్ ఫంక్షన్ వాడితే 30 పైన ఎందుకుండాలి అనే ప్రశ్నలకు జవాబు రాకపోతే రంగురంగుల స్ట్రీమ్‌లైన్ బొమ్మలు పనికిరావు. ఫ్లూయిడ్ మెకానిక్స్ నిజంగా ఇష్టమైతేనే ఇటు రండి. ఇష్టమైతే మాత్రం వెనకాడకండి, ఈ దారిలో నిలబడిన మనుషులు తక్కువ.

ప్రోగ్రామింగ్

పైథాన్ ఏ దారిలో వెళ్లినా పనికొస్తుంది. అబాకస్‌కి స్క్రిప్టులు పైథాన్‌లోనే రాస్తారు, ఆన్సిస్‌కీ పైథాన్ లైబ్రరీలున్నాయి. యాభై లోడ్ కేసుల ఫలితాలు ఒక్కొక్కటి తెరిచి ఎక్సెల్‌లో దింపే పని ఇరవై లైన్ల కోడ్‌తో అయిపోతుంది. క్యాటియా వాళ్లకి వీబీ మ్యాక్రోలు, హైపర్‌మెష్ వాళ్లకి టీసీఎల్. ఎలక్ట్రిక్ వాహనాలు, కంట్రోల్స్, వెహికల్ డైనమిక్స్ వైపు వెళ్లేవాళ్లకి మ్యాట్‌ల్యాబ్, సిములింక్ తప్పనిసరి. కొనలేకపోతే ఉచితంగా దొరికే ఆక్టేవ్‌లో కోడ్ ప్రాక్టీస్ చేయండి, సిములింక్ మాత్రం కాలేజీ లైసెన్స్ ఉన్నప్పుడే పట్టేయండి. మెకానికల్ వదిలి ఐటీకి వెళ్లమని నేను చెప్పడం లేదు, మెకానికల్‌లో ఉంటూ పని వేగంగా చేయడానికి చెబుతున్నాను.

డబ్బు పెట్టకుండా

ఆన్సిస్ స్టూడెంట్ వెర్షన్ ఉచితం, స్ట్రక్చరల్‌లో 1,28,000 నోడ్లు లేదా ఎలిమెంట్ల దాకా చేసుకోవచ్చు, నేర్చుకోవడానికి అది చాలా ఎక్కువ. ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్లు, అంటే ఆటోక్యాడ్, ఇన్వెంటర్, ఫ్యూజన్, రెవిట్, విద్యార్థులకు ఉచితం, ఏడాదికోసారి రెన్యూ చేసుకోవాలి. చదువు అయిపోయినవాళ్లు ఫ్యూజన్ పర్సనల్ వాడుకోవచ్చు, ఒకేసారి పది ఫైళ్లే ఎడిట్ చేయగలరు. సాలిడ్ ఎడ్జ్‌కీ స్టూడెంట్ ఎడిషన్ ఉంది. ఆన్‌షేప్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఉచిత ప్లాన్‌లో మీ ఫైళ్లు అందరికీ కనిపిస్తాయి, ప్రాక్టీస్ ఫైళ్లకి దాంతో నష్టం లేదు. ఫ్రీక్యాడ్ 2024 నవంబరులో 1.0 వెర్షన్‌కి చేరింది, ఇదివరకటి కన్నా బాగా కుదురుకుంది. సిద్ధాంతం కోసం ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల ఫైనైట్ ఎలిమెంట్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, నెమ్మదిగా సాగుతాయి, అయినా చూడండి.

క్రాక్ వెర్షన్ల జోలికి పోకండి. వాటితో వచ్చే వైరస్ ఒక సమస్య, ఆ ఫైల్‌ని కంపెనీ పనికో ఫ్రీలాన్స్ పనికో వాడితే లైసెన్స్ నోటీసు రావడం ఇంకో సమస్య. ల్యాప్‌టాప్ 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, మామూలు గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలు. మ్యాక్ కొనాలనుకునేవాళ్లు ఒకసారి ఆగండి, క్యాటియా, సాలిడ్‌వర్క్స్, క్రియో నడవాలంటే విండోస్ కావాలి.

ఎంఎస్‌కి అమెరికా వెళ్లేవాళ్లు

ఇది ముందే తెలియక ఇబ్బంది పడేవాళ్లు మనవాళ్లలో చాలామంది ఉన్నారు. అమెరికాలో రక్షణ, అంతరిక్షం, సైనిక విమానాల పనికి ఐటార్ అనే ఎగుమతి నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. ఆ ఉద్యోగాల్లో చాలావాటికి సిటిజెన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లనే తీసుకుంటారు, ఎఫ్-1 వీసా మీదో ఓపీటీ (చదువు తర్వాత పనిచేసే అనుమతి) మీదో ఉన్నవాళ్లకి అవకాశం దాదాపు ఉండదు. ఏరోస్పేస్ కలతో క్యాటియా, నాస్ట్రాన్ మీదే రెండేళ్లు పెట్టి అక్కడికి వెళ్లాక అప్లై చేసే చోటే లేక తల్లడిల్లే బదులు, వైద్య పరికరాలు, ఆటోమొబైల్, సెమీకండక్టర్ తయారీ యంత్రాలు, హెచ్‌వీఏసీ (భవనాల ఏసీ, గాలి వ్యవస్థలు) లాంటి వాటిని దృష్టిలో పెట్టుకోండి. అక్కడి ప్రకటనల్లో సాలిడ్‌వర్క్స్, క్రియో, ఎన్‌ఎక్స్ తరచుగా కనిపిస్తాయి. డ్రాయింగులు థర్డ్ యాంగిల్‌లో, చాలాచోట్ల ఇంచుల్లో ఉంటాయి. మనం కాలేజీలో ఫస్ట్ యాంగిల్‌కి అలవాటు పడి ఉంటాం కాబట్టి వెళ్లేముందే మార్చుకుని కొన్ని డ్రాయింగులు గీయండి.

చూపించడానికి ఏం ఉండాలి, ఫీజు ఎక్కడ కట్టాలి

సర్టిఫికెట్ కన్నా ఒక పూర్తి ప్రాజెక్టు మేలు. యూట్యూబ్‌లో చూసి చేసిన ఇంజిన్ అసెంబ్లీ వద్దు, అది అందరి దగ్గరా ఉంటుంది. ఇంట్లో పాడైన మిక్సీయో, నీళ్ల మోటరో విప్పండి. వెర్నియర్‌తో కొలవండి, మోడల్ చేయండి, అసెంబ్లీ డ్రాయింగ్, రెండు మూడు పార్టులకు టాలరెన్సులతో డ్రాయింగ్, పార్టుల జాబితా. అది ఎందుకు పాడైందో చూడండి, ఉదాహరణకు మిక్సీ అడుగున ఉండే రబ్బరు కప్లింగ్ పళ్లు అరిగిపోయి ఉంటాయి. ఆ పన్ను మీద ఎంత లోడ్ పడుతుందో మోటర్ పవర్, స్పీడ్ నుంచి లెక్కేసి, అనాలిసిస్ చేసి, ఆకారం ఎలా మారిస్తే బాగుంటుందో రాయండి. పది పేజీల పీడీఎఫ్ అవుతుంది. ఇంటర్వ్యూలో దాన్ని ముందు పెట్టి మాట్లాడితే ప్రశ్నలు అందులోంచే వస్తాయి, జవాబులు మీకు తెలిసినవే అవుతాయి.

ఇక ఇన్‌స్టిట్యూట్లు. సొంతంగా కూర్చుని నేర్చుకోలేని వాళ్లకి, ప్రాక్టీస్‌కి సిస్టమ్ లేని వాళ్లకి అవి అవసరమే, అందులో తప్పేం లేదు. కానీ అమీర్‌పేటలో "క్యాటియా ప్లస్ ఎన్‌ఎక్స్ ప్లస్ క్రియో ప్లస్ ఆన్సిస్ కాంబో" అని బోర్డు కనిపిస్తే ఒక్కోదానికి ఎన్ని రోజులు వస్తాయో భాగించి చూసుకోండి. ఒక్క సాఫ్ట్‌వేర్, దానితోపాటు జీడీ అండ్ టీ, ప్లాస్టిక్ లేదా షీట్ మెటల్ డిజైన్ నేర్పేచోటు దొరికితే ఫీజు ఎక్కువైనా అదే తీసుకోండి. డెమో క్లాసులో పాఠం చెప్పే ఆయన ఏ కంపెనీలో ఏ పార్టు మీద పనిచేశారో మర్యాదగానే అడగండి. పాత బ్యాచ్ విద్యార్థులు చేసిన డ్రాయింగ్ ఒకటి చూపించమనండి, మోడల్ స్క్రీన్‌షాట్ కాదు, టాలరెన్సులు వేసిన డ్రాయింగ్. అది చూపించలేకపోతే ఆ రోజు డబ్బు కట్టకండి, వాళ్లు ఎంత డిస్కౌంట్ ఇస్తామన్నా సరే.